తెరమీది చిత్రలేఖన పాఠము – ఇంటిలోని బడి

పిల్లలకు బొమ్మలు గీయుట నేర్పవలెనను కోరిక చాలమంది తల్లిదండ్రులకు ఉండును. కాని నేర్పు గురువు దొరకుట కష్టము. పెద్ద పట్టణములలో చిత్రలేఖన శిక్షణాలయములు కలవు. చిన్న ఊళ్లలో అట్టివి అరుదు. బడిలో చిత్రలేఖనమునకు ప్రత్యేకముగా ఉపాధ్యాయుడు ఉండుట కూడ అన్ని చోట్ల జరుగు పని కాదు. ఈ లోటును తీర్చుటకు నేడు ఒక సాధనము ఇంటింటికి వచ్చి చేరినది. అదే చేతిలోని ఫోను. చిలుకను గీయుట మొదలు నీటిరంగులతో సూర్యాస్తమయమును చిత్రించుట వరకు వేలకొలది పాఠములు ఆన్‌లైనులో లభించుచున్నవి. వానిలో అనేకము ఉచితము. తెలుగులో చెప్పునవి కూడ ఉన్నవి.

మంచిర్యాల జిల్లాలోని నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతపు సింగరేణి కాలనీలలో ఈ సాధనము మరింత అక్కరకు వచ్చును. బొగ్గుబావిలో పని మూడు షిఫ్టులలో నడచును. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవలెను. ఆ వేళ ఇంటిలో చప్పుడు కారాదు. పిల్లవాని చేతికి ఫోను, కాగితము ఇచ్చి ఒక మూల కూర్చుండబెట్టుట తల్లికి దొరకు సులభమైన ఉపాయము. ఫోనులో ఆటలాడుటకంటె బొమ్మల పాఠము చూచుట మేలు కదా అని ఆమె తలచును. నిజమే, మేలే. కాని ఆ పాఠము పిల్లవానికి దేనిని నేర్పగలదు, దేనిని నేర్పజాలదు అను సంగతి తెలిసినచో ఆ మేలు అనేక రెట్లు పెరుగును. ఇందుకు చిత్రకళ తెలిసియుండ నక్కరలేదు. కన్ను, వెలుగు, చేయి – ఈ మూడింటి గురించి విజ్ఞానశాస్త్రము చెప్పు కొన్ని సులభమైన విషయములు చాలును.

దూరమునుండి నేర్చుకొనుట

గురువు ఎదుట లేకుండ చిత్రకళను నేర్చుట కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ అను కళావిమర్శకుడు గురువు దొరకని వారి కొరకు చిత్రలేఖనమునకు ఒక ప్రథమ పాఠ్యగ్రంథమును 1857లో ప్రకటించెను. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో టపాద్వారా బొమ్మలు నేర్పు సంస్థలు వెలసెను. లోకప్రసిద్ధమైన ‘పీనట్స్’ హాస్యచిత్రముల కర్త చార్లెస్ షుల్జ్ అట్లే టపా పాఠములవలన నేర్చి, తరువాత ఆ సంస్థలోనే బోధకుడయ్యెను. ఆ పద్ధతిలో ముఖ్యమైన అంశము ఒకటి ఉన్నది. విద్యార్థి గీసిన బొమ్మ టపాలో గురువునకు చేరును. గురువు దానిని దిద్ది తిరిగి పంపును. ఆలస్యమైనను, విద్యార్థి గీసినదానిని చూచు కన్ను ఒకటి ఉండెడిది.

తరువాత టెలివిజను వచ్చినది. అమెరికాలో బాబ్ రాస్ అను చిత్రకారుడు 1983 నుండి 1994 వరకు 403 కార్యక్రమములలో, ఒక్కొక్కటి అరగంట లోపల, కొండలను, చెట్లను, సరస్సులను చిత్రించి చూపెను. ఆ చిత్రములు చూచువారికి అప్పటికప్పుడు పుట్టినట్లు తోచెడివి. నిజమునకు అతడు అదే చిత్రమును ముందే ఒకసారి వేసికొని, కెమెరాకు కనబడని చోట ఉంచుకొని, దానిని చూచుచు వేసెడివాడు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

మన రాష్ట్రములో తెరమీది చదువు ఇంటింటికి పాకినది 2020లో. కోవిడ్ కారణముగా ఆ సంవత్సరము మార్చిలో బడులు మూతపడెను. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు మొదలయ్యెను. గణితము, విజ్ఞానశాస్త్రము టీవీలో చూచుటకు అలవాటుపడిన పిల్లలు బొమ్మల పాఠములను తామే ఫోనులో వెదకికొనిరి. బడులు తెరచిరి, కాని ఆ అలవాటు నిలిచినది.

టపా పాఠమునకు, నేటి వీడియో పాఠమునకు గల భేదము ఇప్పుడు స్పష్టము. వీడియో గురువు పిల్లవానికి కనబడును. పిల్లవాని బొమ్మ మాత్రము అతనికి కనబడదు. తప్పు ఎక్కడ జరిగినదో చెప్పువారు లేరు. ఆ ఖాళీని పూరింపవలసినది ఇంటిలోనివారే.

చూచుట వేరు, చేయుట వేరు

నేర్పరి చేయి కదలుచుండగా చూచినచో ‘ఇది నాకును వచ్చును’ అనిపించును. ఇది పిల్లలకే కాదు, పెద్దలకును కలుగు భ్రమ. చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అను పరిశోధకులు 2018లో దీనిపై కొన్ని ప్రయోగముల ఫలితములను ప్రకటించిరి. బాణపు ములుకు వంటి డార్టును గురిచూసి విసరుట వంటి పనుల వీడియోలను కొందరికి ఒక్కసారి, మరికొందరికి ఇరువదిసార్లు చూపిరి. ఎక్కువసార్లు చూచినవారికి తాము బాగుగా చేయగలమను నమ్మకము పెరిగినది. కాని చేయించి చూడగా, ఒక్కసారి చూచినవారికంటె వారు బాగుగా చేయలేదు. నమ్మకము పెరిగెను, నేర్పు పెరుగలేదు.

మరొక ప్రయోగములో, వస్తువులను గాలిలోనికి ఎగురవేసి పట్టు విద్యను వీడియోలో చూపి, తరువాత ఆ వస్తువులను కొంతసేపు చేతిలో పట్టుకొననిచ్చిరి. ఎగురవేయనే లేదు; ఊరక పట్టుకొనిరి. అంతలోనే ఆ అతినమ్మకము తగ్గినది. వస్తువు బరువు, దాని పట్టు చేతికి తెలిసినంతనే పని ఎంత కష్టమో మనస్సునకు తెలిసినది.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? వీడియో కదలికను చూపును. కాని పెన్సిలుపై ఎంత బరువు మోపవలెనో, కుంచెలో ఎంత నీరు ఉండవలెనో, కాగితపు గరుకు చేతికి ఎట్లు తగులునో చూపజాలదు. అది చేయి తానుగా నేర్చు విద్య. కనుక పాఠమును చూచు కాలము తక్కువగను, గీయు కాలము ఎక్కువగను ఉండవలెను. పది నిమిషములు చూచినచో అరగంట గీయుట మంచి లెక్క. పది పాఠములు వరుసగా చూచి ఒక్కటియు గీయని పిల్లవానికి కలుగునది చిత్రకళ కాదు, చిత్రకళ వచ్చునను భ్రమ.

తెర దాచిపెట్టు లెక్క

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి ఉన్నది. మన చుట్టునున్న లోకమునకు పొడవు, వెడల్పు, లోతు అను మూడు కొలతలు గలవు. కాగితమునకు లోతు లేదు. మూడు కొలతల వస్తువును రెండు కొలతల కాగితముమీదికి దింపుటయే చిత్రలేఖనములోని అసలు లెక్క. తెరమీది బొమ్మలో ఈ లెక్క అప్పటికే చేయబడియున్నది. కెమెరా గాని, చిత్రకారుడు గాని లోతును తీసివేసి, ఫలితమును మాత్రము మనకు చూపుచున్నాడు. దానిని చూచి గీయు పిల్లవాడు చదునైనదానిని చదునైనదానిమీదికి దించుకొనుచున్నాడు. పలకమీద పొరుగువాడు చేసిన లెక్కను చూచి వ్రాసికొనుట వంటిది ఇది. వ్రాత బాగుపడవచ్చును, లెక్క రాదు. బాబ్ రాస్ కూడ తాను ముందే తేల్చికొన్న లెక్కనే తెరపై తిరిగి వ్రాసి చూపెనని జ్ఞప్తికి తెచ్చుకొందము.

ఈ లెక్క ఎందుకు కష్టము? మన మెదడే అడ్డు వచ్చును. దూరముననున్న మనిషి బింబము రెటీనా అను కంటిలోని తెరపై చిన్నగా పడును. అయినను మెదడు దూరమును లెక్కకు తీసికొని ‘అతడు చిన్నవాడు కాదు, దూరముననున్నాడు’ అని సరిదిద్దును. బ్రతుకుటకు ఇది ఎంతో అవసరము. బొమ్మ గీయుటకు మాత్రము ఇదియే అడ్డంకి. పిల్లవాడు తాను చూచుదానిని గాక, తాను ఎరిగినదానిని గీయును.

చంద్రునే తీసికొందము. పిల్లల బొమ్మలలో చంద్రుడు పళ్లెమంత ఉండును. పున్నమినాడు పెన్సిలును చేయి చాచి పట్టుకొని, ఒక కన్ను మూసి చూడుమని చెప్పుడు. ఏడు మిల్లీమీటర్ల మందము గల ఆ పెన్సిలు వెనుక చంద్రుడు పూర్తిగా మరుగుపడును. చేయి చాచినప్పుడు కంటికి, పెన్సిలుకు నడుమ దూరము సుమారు 60 సెంటీమీటర్లు. చంద్రుడు మన కంటివద్ద చేయు కోణము అర డిగ్రీ మాత్రమే. ఆ దూరమున అర డిగ్రీకి సరిపోవు వెడల్పు సుమారు ఐదు మిల్లీమీటర్లు. ఈ చిన్న పరీక్ష ఒక్కసారి చేసిన బాలునకు, మెదడు తనను ఎట్లు మాయచేయుచున్నదో వెంటనే తెలియును.

ఇదే పెన్సిలుతో దూరపు వస్తువులను కొలువవచ్చును. బొగ్గుబావిమీద చక్రములతో నిలిచియుండు ఇనుప గోపురము ఎత్తు 20 మీటర్లనుకొందము. దానిని 200 మీటర్ల దూరమునుండి చూచినచో, చాచిన చేతిలోని పెన్సిలుమీద దాని ఎత్తు 6 సెంటీమీటర్లు. 400 మీటర్ల దూరమునకు పోయి చూచినచో 3 సెంటీమీటర్లు. దూరము రెట్టింపైనచో ఎత్తు సగమగును. బొగ్గు రైలు పట్టాలు దూరమున కలిసిపోవుచున్నట్లు కనబడుటకు కారణము కూడ ఇదే. పట్టాల నడిమి ఎడము మారదు. దూరము పెరిగినకొలది ఆ ఎడము కంటివద్ద చేయు కోణము తగ్గిపోవును. ఈ సూత్రమును ఇటలీ దేశస్థులు పదునైదవ శతాబ్దములో శాస్త్రముగా కట్టిరి. చిత్రమనునది కిటికీలోనుండి చూచిన లోకమువంటిదని ఆల్బెర్టీ అను పండితుడు 1435లో వివరించెను.

ఆ కిటికీ మన ఇంటనే ఉన్నది. పిల్లవానిని కిటికీ అద్దము ఎదుట నిలబెట్టి, ఒక కన్ను మూసి, తల కదల్చక, బయటి గోడ అంచులను సబ్బుముక్కతో అద్దముమీదనే గీయుమనవలెను. తల కదలినచో గీతకు, గోడకు పొత్తు కుదరదు. ఒక కన్ను మూయుట ఎందుకు? రెండు కండ్లు ఆరేడు సెంటీమీటర్ల ఎడముగా ఉండుటవలన వాటికి కనబడు బింబములు కొంచెము వేరుగా ఉండును. ఆ భేదమునుండియే మెదడు లోతును గ్రహించును. కెమెరాకు కన్ను ఒక్కటే. కనుక తెరమీది బొమ్మలో ఈ భేదమే లేదు. అద్దముమీద గీసిన పిల్లవాడు, తెర దాచిపెట్టిన లెక్కను తన చేతితో తాను చేసినవాడగును. ఆ తరువాత వీడియోలో గురువు ‘ఇక్కడ గీతను ఏటవాలుగా తీయండి’ అన్నప్పుడు ఎందుకో వానికి అర్థమగును.

వెలుగు రంగు, మట్టి రంగు

‘వీడియోలో ఉన్నట్టు రంగు రావడంలేదు’ అని పిల్లలు బాధపడుట మనకు తెలిసినదే. ఆ తప్పు పిల్లలది కాదు, రంగుల పెట్టెదియు కాదు. తెర తానుగా వెలుగును పంపును. కాగితము తనపై పడిన వెలుగులో కొంత పీల్చుకొని తక్కినదానిని త్రిప్పిపంపును. ఈ రెండింటి స్వభావమే వేరు.

ఇంటిలో చేయదగిన ఒక పరీక్ష ఉన్నది. ఫోను తెరపై తెల్లని పుట తెరచి, తడివ్రేలితో ఆవగింజంత నీటిచుక్కను దానిమీద ఉంచి చూడవలెను. ఆ చుక్క భూతద్దమువలె పనిచేయును. తెలుపు అనుకొన్న చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల సన్నని చుక్కలు కనబడును. తెరమీద పసుపు రంగు లేనే లేదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి వెలుగగా మన కన్ను దానిని పసుపుగా గ్రహించును. పరీక్ష కాగానే తెరను మెత్తని గుడ్డతో తుడువవలెను.

రంగుల పెట్టెలో జరుగునది దీనికి విరుద్ధము. పసుపు రంగు, తెల్లని వెలుగులోని నీలమును పీల్చుకొని ఎరుపును, ఆకుపచ్చను త్రిప్పిపంపును. నీలపు రంగు ఎరుపును పీల్చుకొని నీలమును, కొంత ఆకుపచ్చను త్రిప్పిపంపును. రెండును కలిపినచో, రెండును పీల్చక విడిచిన ఆకుపచ్చ మాత్రమే మన కంటికి చేరును. తెరమీద వెలుగును వెలుగు కూడుకొనుచు పోవును. కాగితముమీద రంగుకు రంగు వెలుగును తీసివేయుచు పోవును. మొదటిది కూడిక, రెండవది తీసివేత. అందువలననే రంగులు ఎక్కువ కలిపినకొలది కాగితముమీద మట్టిరంగు వచ్చును. ఈ సంగతి తెలిసిన తల్లి పిల్లవానితో ‘తెరను చూడకు బిడ్డా, చెట్టు ఆకు కోసి పక్కన పెట్టుకొని దానితో పోల్చు’ అనును. ఆకును పోల్చుట న్యాయమైన పరీక్ష. ఆకు, కాగితము రెండును ఒకే వెలుగును త్రిప్పిపంపుచున్నవి.

బొగ్గు పుట్టిన చోట బొగ్గుతో బొమ్మ

ఆన్‌లైను పాఠములు కొన్ని ఖరీదైన సామగ్రిని చెప్పును. విలువగల కాగితము, విదేశపు రంగులు లేనిదే పాఠము సాగదను భయము కలిగించును. బొమ్మకు కావలసినది అంత లేదు. గీతలకు, నీడలకు వేల సంవత్సరములనుండి మనుష్యులు వాడునది బొగ్గు.

అయితే బావిలోని బొగ్గు దీనికి పనికిరాదు. కారణము తెలిసికొనదగినది. పెన్సిలులోనున్నది గ్రాఫైటు, బంకమన్నుల మిశ్రమము. గ్రాఫైటులో కర్బన పరమాణువులు పొరలుపొరలుగా ఉండును. పొరకు, పొరకు నడుమ పట్టు తక్కువగుటవలన ఒత్తగానే అవి జారి కాగితమునకు అంటుకొనును. కట్టెబొగ్గులో కట్టెయొక్క సన్నని రంధ్రములు అట్లే నిలిచియుండును. కనుక అది తేలిక, పెళుసు. కాగితపు గరుకులో దాని పొడి చిక్కుకొనును, గుడ్డతో తుడిచినచో చెదరును. గోదావరి లోయలోని నేలబొగ్గు దాదాపు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు మొక్కలు పూడి, ఒత్తిడికి, వేడికి గట్టిపడినది. అందులో మట్టి, ఖనిజముల పాలు కూడ ఉన్నది. అది కాగితమును గీరునే గాని నిండైన నలుపును ఇయ్యదు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కనుక పిల్లలకు దానిని ఇయ్యరాదు.

కట్టెబొగ్గును ఇంటివద్దనే చేసికొనవచ్చును. ఎండిన సన్నని పుల్లలను ఇనుప డబ్బాలో కుక్కి, మూతకు మేకుతో ఒక రంధ్రము చేసి, ఆరుబయట కట్టెల పొయ్యిమీద కాల్చవలెను. రంధ్రమునుండి వచ్చు పొగ ఆగినప్పుడు దింపి, పూర్తిగా చల్లారువరకు మూత తీయరాదు. వేడిమీద తెరచినచో గాలి తగిలి పుల్లలు మండి బూడిద యగును. గాలి అందక కాలుటవలననే కట్టె బొగ్గగుచున్నదను రసాయనశాస్త్ర పాఠము కూడ ఇందు ఇమిడియున్నది. ఇది పెద్దలే చేయవలసిన పని. మూసిన గదిలో ఎన్నడు చేయరాదు.

రంగులకును ఇంటిలో కొరత లేదు. గడపలకు పూయు ఎర్రని జాజు ఇనుప ఆక్సైడు. అది ఎండకు వెలవెలబోదు. వంటింటి పసుపు మంచి రంగునిచ్చును గాని ఎండలో త్వరగా పాలిపోవును. ఆ పసుపునకు కొంచెము సున్నము తగిలినచో ఎర్రబడును. అన్ని రంగులు ఒక తీరున నిలువవని పిల్లవాడు తన బొమ్మమీదనే చూచి నేర్చుకొనును. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ కుటుంబములవారు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, తెల్లమన్ను పట్టించి పటములు వ్రాయుదురు. ఆ విద్య తరతరములుగా ఇంటనే, చేతిపనిద్వారా పిల్లలకు అబ్బినది. ఇల్లు చిత్రకళకు బడి కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

వయసునకు తగిన పాఠము

ఒకే వీడియో అన్ని వయసుల పిల్లలకు తగదు. రెండు మూడు సంవత్సరముల లోపు పసివారు తెరమీద చూచినదానిని నేర్చుట, ఎదుట మనిషి చేసి చూపినదానిని నేర్చుటకంటె చాల తక్కువయని మనస్తత్వ పరిశోధకులు గుర్తించియున్నారు. వారికి పాఠము అక్కరలేదు. బలపము, పలక, పిచ్చిగీతలు చాలును. మణికట్టు, వ్రేళ్లు అదుపునకు వచ్చునది ఆ గీతలతోనే.

పిల్లల చిత్రములు వయసుతో మారు తీరును విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అను విద్వాంసుడు 1947లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. రెండు నుండి నాలుగేండ్లవరకు పిచ్చిగీతలు. నాలుగు నుండి ఏడువరకు పెద్ద తల, పుల్లలవంటి కాళ్లు గల మనుష్యులు. ఏడు నుండి తొమ్మిదివరకు ఇల్లన్న ఒక రూపు, చెట్టన్న ఒక రూపు, అడుగున నేలగీత. ఈ దశలలో పిల్లవాని బొమ్మ నిజమునకు సరిపోలేదని దిద్దుట మంచిది కాదు. అది తప్పు కాదు, ఎదుగుదల.

తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల నడుమ కాలము కీలకమైనది. అప్పుడు పిల్లవాడు తన బొమ్మ నిజముగా లేదని తానే గుర్తించును. దింపుకొనుట మాత్రమే నేర్చినవాడు ‘నాకు బొమ్మలు రావు’ అని ఈ వయసులో పెన్సిలు పారవేయును. పెద్దలలో అనేకులు ‘మాకు బొమ్మలు రావు’ అనుట ఈ కాలముననే మొదలైనది. పైన చెప్పిన కిటికీ పరీక్ష, పెన్సిలు కొలత ఈ వయసునకే తగినవి. వాని చేతిలో దోషము లేదని, చూచు తీరు నేర్వవలసియున్నదని అప్పుడు తెలియజేసినచో చిత్రకళ చేజారిపోదు.

దీనివలన చిత్రకళకే గాక చదువునకును లాభము కలదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన ప్రయోగములలో, మాటలను వ్రాసికొన్నవారికంటె వాటికి బొమ్మలు గీసికొన్నవారు ఎక్కువ మాటలను జ్ఞప్తియందుంచుకొనిరి. మరొక సంగతి. కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు సూక్ష్మదర్శినిలో చూడకయే రికార్డు పుస్తకములోనికి పాత రికార్డునుండి బొమ్మను దించుకొనుట మా వంటి బోధకులకు నిత్యము కనబడునదే. కణము వారి ఎదుటనే ఉన్నది. వారు చూచునది పుస్తకమును. చిన్ననాట తెరనుండి దించుకొనుటయే బొమ్మ అని నేర్చినవారు, పెద్దయైన పిదప సూక్ష్మదర్శినినుండి కన్ను త్రిప్పుకొనుటలో వింత లేదు. నాడీకణముల నిర్మాణమును కనుగొని 1906లో నోబెల్ బహుమానమును పొందిన రామోన్ ఇ కాహల్ అను స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు చిన్నతనమున చిత్రకారుడు కావలెనని కోరినవాడు. తాను సూక్ష్మదర్శినిలో చూచినదానిని తన చేతితో గీసియే అతడు లోకమునకు చూపెను.

కండ్ల సంగతి

తెరముందు ఎంతసేపు ఉండవచ్చును? ఆన్‌లైను బోధనకై కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ‘ప్రజ్ఞత’ అను మార్గదర్శకములను వెలువరించెను. బడికి ముందరి పసివారికి రోజునకు 30 నిమిషములు మించరాదని, ఒకటి నుండి ఎనిమిదవ తరగతివరకు 30 నుండి 45 నిమిషముల పాఠములు రెండింటిని మించరాదని అందు సూచించిరి. బడి పాఠములకే ఇంత హద్దున్నప్పుడు బొమ్మల పాఠమునకు పది పదునైదు నిమిషములు చాలును.

హ్రస్వదృష్టి, అనగా దూరపు వస్తువులు మసకగా కనబడుట, నేటి పిల్లలలో పెరుగుచున్నది. ఆరుబయట గడపు కాలము దానిని కొంత అరికట్టునని చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ప్రయోగమువలన తేలినది. కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలకు రోజునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట తరగతి పెట్టిరి. మూడేండ్ల తరువాత ఆ బడులలో హ్రస్వదృష్టి కొత్తగా వచ్చినవారు నూటికి 30.4 మంది, మామూలు బడులలో 39.5 మంది. ఈ ఫలితములు 2015లో వెలువడెను. ఇంటిలోని దీపపు వెలుగుకంటె బయటి వెలుగు అనేక రెట్లు ఎక్కువ. ఆ వెలుగు కంటిగుడ్డు అతిగా పొడవు పెరుగకుండ ఆపునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

కనుక పాఠము లోపల, గీత బయట అను నియమము పెట్టుకొనుట మంచిది. నస్పూర్ వంటి చోట గీయదగినవానికి కొదువ లేదు. క్వార్టరు ముందరి వేపచెట్టు ఉన్నది. దూరమున ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలున్నవి. దగ్గరి గుట్టపై రాళ్లు స్పష్టముగా ఉండును. దూరపు గుట్ట పాలిపోయి కనబడును. తేటగానున్న నాడు దూరపు కొండ నీలముగా తోచుట గాలి అణువులు నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొట్టుటవలన. దుమ్ము లేచిన నాడు అదే కొండ తెల్లబారుట ధూళికణములు పెద్దవగుటచే అన్ని రంగులను ఇంచుమించు సమముగా చెదరగొట్టుటవలన. రెండు రోజులు రెండు బొమ్మలు గీసిన బాలుడు గాలిని గురించి ఒక పాఠము చదివినవాడే.

పాఠము నడుపు విధము

బొమ్మలు రాని తల్లిదండ్రులు కూడ ఈ క్రిందివిధముగా పాఠమును నడుపవచ్చును.

1. వీడియోను ముందు పెద్దలు ఒకసారి చూడవలెను. ఎదుట పెట్టుకొన దగిన వస్తువును గీయు పాఠమునే ఎన్నుకొనవలెను. కూజా, ఆకు, చెప్పు, వంకాయ వంటివి శ్రేష్ఠము.

2. వీడియో పెట్టుటకు ముందే, ఆ వస్తువును ఎదుట ఉంచి పిల్లవానిచేత ఒక బొమ్మ గీయింపవలెను. అది ఎట్లున్నను సరే. దానిమీద తేదీ వ్రాయవలెను.

3. పిదప వీడియోను పది నిమిషములు చూపి, ఫోనును ప్రక్కకు పెట్టవలెను.

4. అదే వస్తువును మరల గీయింపవలెను. ఈసారి కన్ను తెరమీద గాక వస్తువుమీద ఉండవలెను.

5. రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి ప్రశ్నలు అడుగవలెను. ‘బాగున్నది, బాగులేదు’ అను మాటలవలన పిల్లవానికి దారి తెలియదు. ‘కూజా మెడ ఎక్కడ సన్నబడింది? వెలుగు ఏ దిక్కునుంచి వస్తున్నది? నీడ ఎటు పడింది?’ అని అడిగినచో పిల్లవాడు వస్తువువైపు తిరిగి చూచును. ఆ తిరిగి చూచుటయే చదువు.

6. బొమ్మలను పారవేయక వరుసగా దాచవలెను. మూడు నెలల తరువాత మొదటి బొమ్మను చూపినచో తాను ఎంత ఎదిగెనో పిల్లవాడే గ్రహించును. పొరుగు పిల్లల బొమ్మలతో పోల్చ నక్కరలేదు.

ఇది మన ఇండ్లకు కొత్త పద్ధతి కాదు. తెల్లవారక ముందే వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపు తల్లి ప్రక్కన కూతురు కూర్చుండి, ఏ చుక్కనుండి ఏ చుక్కకు గీత పోవుచున్నదో చూచి, మిగిలిన పిండితో తాను వేసి, చెదిరినచో చెరిపి, మరల వేసి నేర్చుకొనును. అక్కడ చూచుట ఉన్నది, వెంటనే చేయుట ఉన్నది, దిద్దు కన్ను ఉన్నది. తెరమీది గురువునకు మొదటిది మాత్రమే సాధ్యము. తక్కిన రెండింటిని ఇల్లు సమకూర్చినచో, ఎక్కడనో ఉన్న చిత్రకారుని నేర్పు మన వాకిటికి వచ్చి మన పిల్లల చేతికి అందును. కాబట్టి ఫోను తెరచుటకు ముందు పిల్లవాని ఎదుట ఒక కూజానో, ఒక ఆకునో ఉంచుడు. పాఠము అక్కడనుండియే మొదలగును.